ఆటనే మార్చేసిన ఆటగాళ్లు: ప్రభావాన్ని కొలిచేదెలా?

సంక్షిప్తంగా: అత్యుత్తమ ఆటగాడూ, ఆటపై అత్యధిక ప్రభావం చూపిన ఆటగాడూ ఒకరే కానక్కర్లేదు. ఒక క్రీడాకారుడు తప్పుకున్నాక ఆడే తీరు, నిబంధనలు, ఆటగాళ్ల హక్కులు, ఎవరిని ఆడనివ్వాలన్న లెక్క, వీటిలో ఏదో ఒకటి వెనక్కి తిరగలేనంతగా మారితేనే దాన్ని ప్రభావం అనాలి. ఆ గీటురాయి మీద హైజంపర్ డిక్ ఫాస్‌బరీ, టెన్నిస్‌లో బిల్లీ జీన్ కింగ్, ఫుట్‌బాల్‌లో యోహాన్ క్రైఫ్, మైదానంలో పెద్దగా పేరులేని జాన్ మార్క్ బోస్మన్ ముందువరసలోకి వస్తారు. ఉసేన్ బోల్ట్, డాన్ బ్రాడ్‌మన్ లాంటి మహామహుల సంగతి అంత తేలిగ్గా తేలదు.

పెద్ద టోర్నీ ఏది ముగిసినా వారం పది రోజులు ఒకటే చర్చ నడుస్తుంది: ఆల్‌టైమ్ గ్రేట్ ఎవరు? ఆ చర్చలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోతుంటాయి. ఎవరు బాగా ఆడారన్నది ఒకటి. ఎవరి వల్ల ఆట మారిందన్నది ఇంకొకటి. మొదటిదానికి గణాంకాలు సగం జవాబు చెబుతాయి. రెండోదానికి గణాంకాలు పెద్దగా పనికిరావు, కొన్నిసార్లు దారి తప్పిస్తాయి కూడా.

ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లను 9.58 సెకన్లలో పరిగెత్తాడు. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. కానీ బోల్ట్‌కు ముందు స్ప్రింటర్లు బ్లాకుల మీంచి ఎలా లేచేవారో, ఎలా పరిగెత్తేవారో ఇప్పుడూ దాదాపు అలాగే చేస్తున్నారు. అతని వల్ల నిబంధన ఒక్కటీ మారలేదు. ఆ ఎత్తూ ఆ అంగా మరొకరికి కుదరవు కాబట్టి అనుకరించడానికీ వీల్లేదు. డిక్ ఫాస్‌బరీ పేరిట మాత్రం ప్రపంచ రికార్డు ఎప్పుడూ లేదు. 1968లో ఒలింపిక్ స్వర్ణం గెలిచి, 1972లో అమెరికా జట్టులో చోటే దక్కించుకోలేకపోయాడు. అయినా ఇవాళ ఏ స్థాయి హైజంప్ పోటీ చూసినా కనిపించేది అతను దూకిన పద్ధతే.

## బార్‌కు వీపు చూపిన మనిషి

ఫాస్‌బరీ రాకముందు మేటి హైజంపర్లంతా స్ట్రాడిల్ పద్ధతిలో దూకేవారు. ముఖం నేలవైపు పెట్టి, బార్ మీద బోర్లా దొర్లినట్టు అవతలికి వెళ్లడం ఆ పద్ధతి. అమెరికాలోని ఒరెగాన్‌లో హైస్కూల్ చదివే రోజుల్లో ఫాస్‌బరీకి ఇది ఎంతకీ ఒంటబట్టలేదు. కాళ్లను కత్తెరలా ఆడిస్తూ బార్ దాటే పాతకాలపు పద్ధతిని తనకు తోచినట్టు మార్చుకుంటూ పోయి, చివరికి బార్‌కు వీపు తిప్పి వెల్లకిలా దాటడం దగ్గర ఆగాడు.

బయటికి వింతగా కనిపించినా దీని వెనక గట్టి భౌతికశాస్త్రం ఉంది. చివరి అడుగులను వంపు తిరిగి వేయడం వల్ల పరుగు వేగంలో కొంత పైకి లేచే వేగంగా మారుతుంది. గాల్లో శరీరం విల్లులా వంగుతుంది. ముందు తల, తర్వాత భుజాలు, ఆపైన నడుము, చివర్లో కాళ్లు ఒకదాని వెనక ఒకటి బార్ దాటుతాయి. ఏ క్షణంలో చూసినా ఒంట్లో ఒక్క భాగమే బార్‌కు పైన ఉంటుంది, మిగతాదంతా కిందికి వేలాడుతుంటుంది. అందుకే శరీర గురుత్వ కేంద్రం బార్‌కు కిందుగా పోతున్నా మనిషి పైనుంచి దాటగలుగుతాడు. అంటే ఎగిరే శక్తి అంతే ఉన్నా అందుకునే ఎత్తు పెరుగుతుంది.

మెక్సికో సిటీలో ఫాస్‌బరీ 2.24 మీటర్లు దూకి ఒలింపిక్ రికార్డు నెలకొల్పాడు. అప్పటి ప్రపంచ రికార్డు సోవియట్ జంపర్ వలేరీ బ్రూమెల్ పేరిట ఉన్న 2.28 మీటర్లు. దాన్ని సాధించింది స్ట్రాడిల్‌తోనే. అందుకే కోచ్‌లు వెంటనే మారిపోలేదు. 1977లో తొలిసారి రెండు మీటర్లు దాటిన మహిళ రోజ్‌మేరీ ఆకర్మన్, 1978లో 2.34 మీటర్లు దూకిన వ్లాదిమిర్ యాష్చెంకో ఇద్దరూ స్ట్రాడిల్ జంపర్లే. పాత పద్ధతి దాదాపు పదేళ్లు పోరాడి ఓడిందన్నమాట. 1980 మాస్కో ఒలింపిక్స్ ఫైనల్‌కు వచ్చేసరికి 16 మందిలో 13 మంది వెల్లకిలా దూకారు.

ఇక్కడ కథల్లో తరచూ జారిపోయే అంశం ఒకటుంది. ఇసుకలోనో రంపపు పొట్టులోనో దిగాల్సిన రోజుల్లో మెడ మీదుగా పడే పద్ధతిని ఎవరు కనిపెట్టినా ఆసుపత్రి పాలయ్యేవారు. సరిగ్గా ఫాస్‌బరీ కాలానికే మెత్తటి ఫోమ్ పరుపులు వాడుకలోకి వచ్చాయి. అదే సమయంలో కెనడాలో డెబ్బీ బ్రిల్ అనే అమ్మాయి ఫాస్‌బరీతో సంబంధం లేకుండా ఇలాంటి దూకుడునే సొంతంగా కనుక్కుంది. అంటే కాలం పండింది, కాయ ఎవరో ఒకరి చేతిలో పడేదే. దీంతో ఫాస్‌బరీ గొప్ప తగ్గిపోదు. ఒలింపిక్స్ వేదిక మీద, ప్రపంచం చూస్తుండగా, అది పనిచేస్తుందని నిరూపించింది అతనే. ప్రభావానికి ఆలోచన ఎంత ముఖ్యమో, దాన్ని నలుగురూ చూసేలా గెలవడమూ అంతే ముఖ్యం.

స్కీ జంపింగ్‌లో స్వీడన్‌కు చెందిన యాన్ బోక్లొవ్‌కు ఈ దారి ఇంత సాఫీగా లేదు. స్కీలను సమాంతరంగా పట్టకుండా ఇంగ్లిష్ అక్షరం వి ఆకారంలో విప్పితే గాలి ఎక్కువ మోస్తుందని 1980ల రెండో సగంలో అతను చూపించాడు. దూరం పెరిగింది. కానీ ఆ క్రీడలో దూరంతోపాటు శైలికీ మార్కులుంటాయి. ఆ ఆకారం వికారంగా ఉందని న్యాయనిర్ణేతలు మార్కులు కోసేవారు. అంత కోతలోనూ బోక్లొవ్ 1988-89 ప్రపంచకప్ సిరీస్ గెలిచాడు. కొన్నేళ్లకే మిగతావాళ్లు అతని బాట పట్టారు, మార్కుల కోత కూడా ఆగిపోయింది. కొలత టేపు చేతిలో ఉండే ఆటలో కొత్త పద్ధతి తనను తాను నిరూపించుకుంటే చాలు. మనుషులు మార్కులు వేసే ఆటలో వాళ్ల కళ్లను కూడా ఒప్పించాలి.

## రూల్‌బుక్‌ను తిరగరాయించినవాళ్లు

ఒక ఆటగాడి దెబ్బకు నిబంధనలే మారాయంటే ప్రభావానికి అంతకంటే రాతపూర్వక సాక్ష్యం ఉండదు. నిర్వాహకులు సాధారణంగా రెండు దారుల్లో స్పందిస్తారు. ఆ ఆటగాడికి ముకుతాడు వేయడం ఒకటి, అతను చేసేదాన్ని కలుపుకుపోయేలా గీతను జరపడం రెండోది.

ముకుతాడుకు తొలి ఉదాహరణ జార్జ్ మైకన్. 2.08 మీటర్ల ఈ అమెరికన్ సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడగరి) 1940ల్లో కాలేజీ బాస్కెట్‌బాల్‌లో రింగు దగ్గర నిలబడి, లోపలికి దిగుతున్న బంతులను చేత్తో కొట్టేసేవాడు. బంతి కిందికి దిగుతున్నప్పుడు తాకకూడదన్న నిబంధన అతనిలాంటి ఆజానుబాహుల వల్లే వచ్చింది. తర్వాత అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ, రింగు కింద ఆటగాళ్లు ఎక్కువసేపు నిలవకూడని ప్రాంతం వెడల్పును 1951లో ఆరడుగుల నుంచి పన్నెండడుగులకు పెంచింది. అంతకుముందు ఏడాది ఫోర్ట్ వేన్ జట్టు మైకన్‌కు బంతి దొరక్కుండా చేయడానికి ఆటంతా బంతిని పట్టుకుని కాలక్షేపం చేసింది. ఆ మ్యాచ్ 19-18 స్కోరుతో ముగిసింది. మైకన్ జట్టు చేసిన 18లో 15 అతనివే. ఇలాంటి నీరసపు ఆటకు విరుగుడుగానే 1954లో షాట్ క్లాక్ వచ్చింది, అంటే 24 సెకన్లలోగా షాట్ వేసి తీరాలి. ఇవాళ్టి ఎన్‌బీఏ వేగానికి ఒక మూలం, కదలడంలో మందకొడి అని పేరున్న ఓ భారీకాయుడిని ఆపే ప్రయత్నాల్లో ఉండటం విచిత్రమే.

ఈత కొలనులో డేవిడ్ బెర్కాఫ్ కథా ఇలాంటిదే. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌ను అతను మొదటి 30 మీటర్లకు పైగా నీటి అడుగునే, డాల్ఫిన్‌లా కాళ్లు ఆడిస్తూ ఈదాడు. నీటి ఉపరితలం మీద అలల నిరోధం ఎక్కువ, అడుగున తక్కువ. హీట్స్‌లో ప్రపంచ రికార్డు బద్దలైంది. ఫైనల్లో అదే ఎత్తుగడతో జపాన్‌కు చెందిన డైచీ సుజుకీ స్వర్ణం ఎగరేసుకుపోయాడు. ఇలా వదిలేస్తే బ్యాక్‌స్ట్రోక్ కాస్తా జలాంతర్గాముల పోటీ అయిపోతుందని అంతర్జాతీయ సమాఖ్య నీటి అడుగున ఈదే దూరాన్ని పది మీటర్లకు, తర్వాత 15 మీటర్లకు పరిమితం చేసింది. అంతటితో ఆ కిక్ అంతరించిపోలేదు. ఆ 15 మీటర్లనూ ఎలా పిండుకోవాలన్నది ఇప్పుడు ప్రతి మేటి స్విమ్మర్ శిక్షణలో ఒక అధ్యాయం.

క్రికెట్‌లో డాన్ బ్రాడ్‌మన్ ప్రభావం చుట్టుదారిలో వచ్చింది. 1930 ఇంగ్లండ్ పర్యటనలో ఐదు టెస్టుల్లో 974 పరుగులు చేసిన మనిషిని ఆపడానికి 1932-33లో ఇంగ్లండ్ కెప్టెన్ డగ్లస్ జార్డిన్ బాడీలైన్ వ్యూహం రచించాడు. లెగ్‌సైడ్ ఫీల్డర్లను మోహరించి, హెరాల్డ్ లార్‌వుడ్ చేత బ్యాట్స్‌మన్ శరీరం మీదికి బంతులు వేయించాడు. బ్రాడ్‌మన్ సగటు ఆ సిరీస్‌లో 56.57కు పడిపోయింది. వ్యూహం ఫలించింది కానీ రెండు దేశాల మధ్య సంబంధాలే చెడేంత గొడవైంది. లెగ్‌సైడ్‌లో స్క్వేర్ వెనక ఇద్దరికి మించి ఫీల్డర్లు ఉండకూడదన్న నేటి నిబంధన 1957లో మొదలైంది. అలాంటి ఫీల్డింగ్ మోహరింపు మళ్లీ సాధ్యం కాకుండా చేసింది అదే. బ్రాడ్‌మన్ 99.94 సగటును ఎవరూ అందుకోలేకపోయారు, అతని బ్యాటింగ్ నుంచి ఒక సంప్రదాయమూ పుట్టలేదు. అతన్ని ఆపాలన్న తపనే ఆట చట్టంలో మిగిలింది.

గీతను జరపడానికి ముత్తయ్య మురళీధరన్‌ను మించిన ఉదాహరణ దొరకదు. 1995 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో త్రో చేస్తున్నాడంటూ అంపైర్ డారెల్ హెయిర్ అతని బంతులను పదేపదే నోబాల్‌గా ప్రకటించాడు. పుట్టుకతోనే మురళీ మోచేయి పూర్తిగా సాగదు. ఆ గొడవతో మొదలైన ప్రయోగశాల పరీక్షలు ఎవరూ ఊహించని నిజం బయటపెట్టాయి: మచ్చలేని యాక్షన్ ఉందనుకున్న ఫాస్ట్ బౌలర్లతో సహా దాదాపు అందరి మోచేతులూ బంతి వదిలేటప్పుడు కొంత సాగుతున్నాయి. అప్పటి పరిమితి ఫాస్ట్ బౌలర్లకు పది డిగ్రీలు, మీడియం పేసర్లకు ఏడున్నర, స్పిన్నర్లకు ఐదు. దాన్ని కచ్చితంగా అమలు చేస్తే బౌలింగ్ వేసేవాడే మిగలడు. చివరికి 2005 నుంచి ఐసీసీ అందరికీ 15 డిగ్రీల పరిమితి పెట్టింది. మోచేయి అంతకు తక్కువ సాగితే మామూలు కంటితో పట్టుకోవడం కష్టమన్నది ఆ అంకె వెనకున్న తర్కం.

మురళీ కోసం నిబంధన సడలించారన్న విమర్శ ఇప్పటికీ వినిపిస్తుంది. జరిగింది చూస్తే ఆ విమర్శ సగమే నిజం. తీర్పు అంపైర్ కంటి నుంచి ప్రయోగశాల కెమెరాకు బదిలీ అయింది, అదే కెమెరా 2014లో పాకిస్థాన్ స్పిన్నర్ సయీద్ అజ్మల్‌ను సస్పెండ్ చేయించింది. మురళీ 800 టెస్టు వికెట్ల రికార్డును ఏదో ఒక రోజు ఇంకెవరైనా దాటవచ్చు. బౌలింగ్ యాక్షన్‌ను కొలిచే పద్ధతి మాత్రం అతనికి ముందు, అతనికి తర్వాత అన్నట్టు చీలిపోయింది.

ముకుతాడు బెడిసికొట్టడమూ ఉంది. 1997లో 21 ఏళ్ల టైగర్ వుడ్స్ మాస్టర్స్ గోల్ఫ్‌ను 12 స్ట్రోక్‌ల తేడాతో గెలిచాక, ఆ టోర్నీ జరిగే అగస్టా కోర్సును 2002కల్లా బాగా పొడిగించారు. దూరం పెరిగితే లాభపడేది దూరం కొట్టగలిగినవాడే. ఆ ఏడాది విజేత మళ్లీ వుడ్సే.

## అంకగణితం ముందే ఉంది, ఆడినవాడు తర్వాత వచ్చాడు

ఎన్‌బీఏలో త్రీపాయింట్ గీత 1979-80లోనే వచ్చింది. తొలి సీజన్‌లో ఒక్కో జట్టు సగటున మ్యాచ్‌కు మూడుసార్లు కూడా దాని అవతలి నుంచి ప్రయత్నించలేదు. ఇటీవలి సీజన్లలో ఆ సంఖ్య 35 దాటింది. లెక్క మొదటి రోజు నుంచీ అందరి కళ్లముందే ఉంది: నూటికి 50 పడే రెండు పాయింట్ల షాట్ సగటున ఒక పాయింట్ ఇస్తుంది, నూటికి 40 పడే మూడు పాయింట్ల షాట్ 1.2 ఇస్తుంది. అయినా దూరపు షాట్‌ను చాలాకాలం గత్యంతరం లేనప్పుడు వేసే రాయిలాగే చూశారు.

స్టెఫెన్ కరీ 2015-16లో 402 త్రీపాయింటర్లు వేశాడు. అంతకుముందు రికార్డు కూడా అతనిదే, 286. ఆ సీజన్‌లో అతని విజయశాతం 45 దాటింది. సంఖ్య కంటే పద్ధతి ముఖ్యం. పాస్ అందుకుని నిలబడి వేయడం కాకుండా, బంతిని తట్టుకుంటూ వస్తూనే, గీతకు రెండు మూడడుగుల వెనక నుంచీ వేశాడు. దాంతో డిఫెండర్ రింగుకు తొమ్మిది మీటర్ల దూరంలోనే అతన్ని అడ్డుకోవాల్సి వచ్చింది. డిఫెన్స్ అంతదూరం సాగితే రింగు కింద ఖాళీ ఏర్పడుతుంది, సహచరులు సులువుగా స్కోర్ చేస్తారు. అతను షాట్ వేయకపోయినా, వేస్తాడేమోనన్న భయమే జట్టుకు పాయింట్లు తెచ్చిపెట్టింది.

గణాంక విశ్లేషకులు ఇదే మాట అంతకుముందు నుంచీ చెబుతున్నారు, కొన్ని జట్లు ఆ దారిలో అడుగులు వేశాయి కూడా. కాబట్టి ఘనతంతా కరీ ఖాతాలో వేయడం సరికాదు. కాగితం మీది లెక్కకు కరీ జట్టు 73 విజయాల సీజన్ తోడైనప్పుడే మిగతా జట్లు గబగబా కదిలాయి. ఏడడుగుల సెంటర్లు కూడా దూరపు షాట్లు సాధన చేయాల్సి రావడం ఆ మార్పుకు కొసమెరుపు.

బేస్‌బాల్‌లో బేబ్ రూత్ తెచ్చిన మలుపూ ఇదే తరహా. 1920లో అతను 54 హోమ్‌రన్లు (క్రికెట్‌లో సిక్సర్‌లాంటివి) కొట్టాడు. అతని లీగ్‌లో రెండో స్థానంలో ఉన్నవాడివి 19. అంతవరకు ఆ ఆట సింగిల్స్, అదను చూసి తర్వాతి బేస్‌కు పరిగెత్తే బేస్ దొంగతనాల మీద నడిచేది. రూత్‌కు కాలం కూడా కలిసొచ్చింది. ఉమ్మి పూసిన బంతులను అదే ఏడాది నిషేధించారు. ఆగస్టులో తలకు బంతి తగిలి రే చాప్‌మన్ చనిపోయాక, మాసిన బంతులను ఎప్పటికప్పుడు మార్చడం మొదలైంది. బంతి తెల్లగా కనబడితే కొట్టేవాడికి పండగే.

క్రికెట్‌లో ఆడమ్ గిల్‌క్రిస్ట్ మార్చింది ఒక స్థానానికి కావాల్సిన అర్హతను. అతనికి ముందు వికెట్‌కీపర్‌ను ప్రధానంగా గ్లవ్స్ పనితనం చూసి ఎంచుకునేవారు, పరుగులు చేస్తే అదనపు లాభం. 1999లో టెస్టుల్లోకి వచ్చిన గిల్‌క్రిస్ట్ ఎక్కువగా ఏడో స్థానంలో ఆడుతూ 17 శతకాలు చేశాక, అచ్చమైన కీపర్లకు జట్లలో చోటు కరువైంది. అతని కారణంగా ఎందరు మంచి కీపర్లు బెంచీకే పరిమితమయ్యారో ఏ రికార్డు పుస్తకమూ చెప్పదు.

## న్యాయస్థానాల్లో మారిన ఆట

అభిమానుల జాబితాల్లో ఎప్పుడూ కనిపించని పేరు జాన్ మార్క్ బోస్మన్. బెల్జియం లీగ్‌లో ఆడిన ఈ మిడ్‌ఫీల్డర్ కాంట్రాక్టు ఆర్‌ఎఫ్‌సీ లియేజ్ క్లబ్‌తో 1990లో ముగిసింది. ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్‌కు వెళ్దామనుకున్నాడు. కాంట్రాక్టు ముగిసినా సరే, బదిలీ రుసుము అందందే వదలనంది లియేజ్. అప్పటి ఆచారం అదే. బోస్మన్ కోర్టుకెక్కాడు. ఐదేళ్ల తర్వాత, 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పింది. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్ పరిధిలో రుసుము లేకుండా మరో క్లబ్‌కు వెళ్లవచ్చని, యూనియన్ దేశాల ఆటగాళ్లను విదేశీయులుగా లెక్కగట్టి సంఖ్యా పరిమితి పెట్టరాదని తేల్చింది.

బదిలీకి పోయే సొమ్ము ఆటగాడి జీతంలోకి మళ్లింది, బేరమాడే శక్తి క్లబ్ చేతి నుంచి ఆటగాడి చేతికి, అతని ఏజెంటు చేతికి వచ్చింది. ధనిక క్లబ్‌లు ఏ దేశం నుంచైనా ఎందరినైనా తెచ్చుకోగలిగాయి. దెబ్బ తగిలింది సొంతంగా కుర్రాళ్లను తయారుచేసుకునే క్లబ్‌లకు. 1995లో యూరోపియన్ చాంపియన్‌గా నిలిచిన నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్ నుంచి ఎడ్గార్ డేవిడ్స్, పాట్రిక్ క్లైవర్ట్ లాంటివారు తీర్పు వచ్చి రెండేళ్లు తిరక్కుండానే పైసా రుసుము లేకుండా మిలాన్‌కు వెళ్లిపోయారు. ఆ తర్వాత అయాక్స్ యూరోపియన్ కప్ మళ్లీ గెలవలేదు. ఇప్పుడు చాంపియన్స్ లీగ్ అని పిలిచే ఆ ట్రోఫీ కొన్ని దేశాల్లోని పట్టుమని పది క్లబ్‌ల చుట్టూ తిరగడానికి టీవీ ఆదాయంతోపాటు ఈ తీర్పూ పెద్ద కారణం. ఒక్క గోల్ కూడా అవసరం లేకుండా ఫుట్‌బాల్‌ను ఇంతగా మార్చినవాడు మరొకడు లేడు. దాని వల్ల ఇతరులు కోట్లు గడించారు, బోస్మన్ మాత్రం ఆర్థికంగా చితికిపోయాడు.

అమెరికన్ బేస్‌బాల్‌లో కర్ట్ ఫ్లడ్ కేసు ఓడిపోయి మరీ ప్రభావం చూపింది. 1969లో తనను అడక్కుండా సెయింట్ లూయిస్ నుంచి ఫిలడెల్ఫియాకు బదిలీ చేస్తే వెళ్లనన్నాడు. మూడేళ్ల తర్వాత సుప్రీంకోర్టు 5-3 తేడాతో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, అప్పటికే కెరీర్ ముగిసింది. కానీ ఆటగాళ్ల సంఘం ఆ పోరాటాన్ని వదల్లేదు. 1975లో ఒక మధ్యవర్తి తీర్పుతో ఆటగాళ్లను జీవితాంతం ఒకే క్లబ్‌కు కట్టిపడేసే పద్ధతి కూలింది.

## బిల్లీ జీన్ కింగ్: నలుగురి పని ఒక్కరు చేసిన చోటు

1968లో వింబుల్డన్ తొలిసారి ప్రొఫెషనల్స్‌కు తలుపులు తెరిచినప్పుడు పురుషుల విజేత రాడ్ లేవర్‌కు దక్కింది 2,000 పౌండ్లు. మహిళల విజేత బిల్లీ జీన్ కింగ్‌కు 750. తర్వాత కొన్ని టోర్నీల్లో ఈ అంతరం ఇంకా పెరిగింది. 1970 సెప్టెంబరులో హ్యూస్టన్‌లో కింగ్‌తో సహా తొమ్మిదిమంది క్రీడాకారిణులు పత్రికాధిపతి గ్లాడిస్ హెల్డ్‌మన్‌తో ఒక్కొక్కరు ఒక్క డాలర్ కాంట్రాక్టు మీద సంతకాలు చేసి సొంత సర్క్యూట్ ప్రారంభించారు. నిషేధానికి గురయ్యే ముప్పు తెలిసే చేశారు.

1972 యూఎస్ ఓపెన్‌లో పురుషుల విజేతకు 25,000 డాలర్లు, కింగ్‌కు 10,000 వచ్చాయి. ఇలాగైతే వచ్చే ఏడాది రానని ఆమె చెప్పింది. 1973లో యూఎస్ ఓపెన్ ఇద్దరికీ సమాన ప్రైజ్‌మనీ ప్రకటించింది. అదే ఏడాది మహిళా టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ ఆమె చొరవతో ఏర్పడింది. సెప్టెంబరు 20న హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో 55 ఏళ్ల మాజీ చాంపియన్ బాబీ రిగ్స్‌ను 6-4, 6-3, 6-3తో ఓడించింది. అందరికీ గుర్తున్నది ఈ మ్యాచే. కానీ ప్రభావ దృష్టితో చూస్తే అది ప్రచార ఘట్టం మాత్రమే. అసలు పని జరిగింది కాంట్రాక్టుల్లో, సంఘంలో. వింబుల్డన్ సమాన ప్రైజ్‌మనీకి దిగొచ్చింది 2007లో, యూఎస్ ఓపెన్ తర్వాత 34 ఏళ్లకు. అంతకాలం ఒత్తిడి నిలబెట్టింది సంస్థే. ఆఖరి విడతలో గొంతెత్తినవారిలో వీనస్ విలియమ్స్ ముఖ్యురాలు, ఆ ఏడాది ఆ సమాన బహుమతి అందుకుందీ ఆమే.

ఆడేందుకే అర్హత లేదన్నవాళ్లకు తలుపు తెరిచినవారి లెక్క ఇంకో రకం. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగడంతో అమెరికన్ మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో వర్ణవివక్ష గోడ పగిలింది. గోడ ఒక్కరోజులో కూలలేదు, చివరి జట్టు బోస్టన్ రెడ్‌సాక్స్ నల్లజాతి ఆటగాడిని తీసుకుంది 1959లో. మేటి ఆటగాళ్లంతా అటు వెళ్లిపోవడంతో నల్లజాతీయులు నడుపుకున్న నీగ్రో లీగ్‌లు కుప్పకూలాయి. మంచి మార్పులకూ ఇలాంటి ఖర్చు ఉంటుంది.

## ఆడి, తర్వాత నేర్పినవాడు

యోహాన్ క్రైఫ్ ప్రపంచకప్ గెలవలేదు. 1974 ఫైనల్లో అతని నెదర్లాండ్స్ పశ్చిమ జర్మనీ చేతిలో ఓడింది. అయాక్స్‌తో 1971 నుంచి వరుసగా మూడు యూరోపియన్ కప్‌లు గెలిచాడు. ఆటగాళ్లంతా అవసరాన్నిబట్టి స్థానాలు మార్చుకుంటూ ఆడే ఆ టోటల్ ఫుట్‌బాల్ రూపకర్త నిజానికి కోచ్ రైనస్ మిచెల్స్. మైదానంలో దాన్ని నడిపించింది క్రైఫ్. అక్కడితో ఆగితే అతను ఓ గొప్ప ఆటగాడే.

1988లో బార్సిలోనా కోచ్‌గా వచ్చి ఎనిమిదేళ్లు ఉన్నాడు. చిన్నపిల్లల జట్ల నుంచి సీనియర్ జట్టు వరకు ఆటతీరు ఒకటే ఉండాలన్నాడు. ఎత్తు, బలం కన్నా బంతి మీద పట్టు, ఖాళీని గుర్తించే చూపు ముఖ్యమన్నాడు. గుండ్రంగా నిలబడి మధ్యలో ఉన్నవాడికి అందకుండా పాస్‌లు ఇచ్చుకునే రోండో సాధన అక్కడ దినచర్యగా స్థిరపడింది. గోల్‌కీపర్ కూడా దాడికి తొలి మెట్టు అయ్యాడు. ఆ జట్టులో మిడ్‌ఫీల్డర్ పెప్ గార్డియోలా, 2008లో అదే క్లబ్‌కు కోచ్‌గా వచ్చి ఆ పద్ధతిని పదును పెట్టాడు. 2010 ప్రపంచకప్ గెలిచిన స్పెయిన్ జట్టు నడుము బార్సిలోనాదే. ఫైనల్లో వాళ్లు ఓడించింది నెదర్లాండ్స్‌ను. క్రైఫ్ ఆలోచన అతని సొంత దేశాన్నే ఓడించిందన్నమాట.

పీలే, మరడోనా కంటే క్రైఫ్ మెరుగైన ఆటగాడా అంటే చాలామంది ఒప్పుకోరు. ఇవాళ ఓ మామూలు క్లబ్ గోల్‌కీపర్ బంతిని దూరంగా తన్నేయకుండా పక్కనున్న డిఫెండర్‌కు పాస్ ఇస్తున్నాడంటే, దాని వేళ్లు ఎవరి దగ్గరున్నాయన్న ప్రశ్నకు మాత్రం జవాబు క్రైఫే.

## ప్రఖ్యాతిని ప్రభావం అనుకున్నప్పుడు

1954 మే 6న రోజర్ బానిస్టర్ మైలు పరుగును 3 నిమిషాల 59.4 సెకన్లలో ముగించాడు. మానసిక అడ్డుగోడ పగిలిందని, అంతటితో వరద మొదలైందని ఉపన్యాసాల్లో చెబుతుంటారు. వాస్తవం ఇంత అందంగా లేదు. స్వీడన్‌కు చెందిన గుండెర్ హేగ్ 1945లోనే 4 నిమిషాల 1.4 సెకన్లకు వచ్చాడు. యుద్ధంతో అస్తవ్యస్తమైన క్రీడారంగం కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. 46 రోజులకే బానిస్టర్ రికార్డును చెరిపేసిన ఆస్ట్రేలియన్ జాన్ లాండీ అంతకుముందు ఏడాదిన్నరగా 4 నిమిషాల 2 సెకన్ల దగ్గర తిరుగుతున్నాడు. ఎవరో ఒకరు దాటబోతున్న గీత అది. బానిస్టర్ పరుగులో నిజంగా నేర్చుకోదగినది క్రిస్ బ్రాషర్, క్రిస్ చాటవే అనే ఇద్దరు సహచరులు వంతులవారీగా ముందు పరిగెత్తి వేగం నిలబెట్టడం. రికార్డుల కోసం పేస్‌మేకర్లను పెట్టుకోవడం నేడు మామూలు విషయం.

షేన్ వార్న్ ప్రభావం ఆలస్యంగా వచ్చింది. 1993 జూన్‌లో మైక్ గ్యాటింగ్‌ను బౌల్డ్ చేసిన బంతితో, ఫాస్ట్ బౌలర్ల యుగంలో దాదాపు కనుమరుగైన లెగ్‌స్పిన్ తిరిగి బతికింది. అతని 708 వికెట్లకు దీటైన లెగ్‌స్పిన్నర్ టెస్టుల్లో తర్వాత రాలేదు. వారసులు తేలింది టీ20ల్లో, నాలుగు ఓవర్లలో వికెట్లు తీసే ఆయుధంగా.

## ఇంకా తేలనివి

బేస్‌బాల్‌లో షోహెయ్ ఒహ్తాని బంతి విసరడం, కొట్టడం రెండూ అత్యున్నత స్థాయిలో చేస్తున్నాడు. బేబ్ రూత్ తొలినాళ్ల తర్వాత ఇది దాదాపు లేదు. అతని కోసమే అన్నట్టు 2022లో ఒక నిబంధన తెచ్చారు: పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) మొదలుపెట్టిన ఆటగాడు ఆ పని నుంచి తప్పుకున్నా బ్యాటింగ్‌కు కొనసాగవచ్చు. అంటే రూల్‌బుక్ పరీక్షలో అతను నెగ్గాడు. వారసుల పరీక్ష మిగిలే ఉంది. రెండు నైపుణ్యాలనూ కలిపి శిక్షణ ఇవ్వడానికి క్లబ్‌లకు సమయం, ధైర్యం రెండూ కావాలి, మోచేతి గాయాల భయమూ ఉంది. అనుసరించేవారు రాకపోతే ఒహ్తాని కూడా బోల్ట్ పక్కన చేరతాడు.

జిమ్నాస్టిక్స్‌లో సిమోన్ బైల్స్ పేరిట ఐదు విన్యాసాలున్నాయి. 2019లో బీమ్ అనే సన్నటి దూలం మీంచి దిగుతూ రెండు మెలికలు, రెండు పల్టీలు కలిపి చేసిన విన్యాసానికి అంతర్జాతీయ సమాఖ్య ఆశించినదానికన్నా తక్కువ విలువ కట్టింది. సామర్థ్యం లేనివాళ్లు ప్రయత్నించి గాయపడతారన్నది సమాఖ్య చెప్పిన కారణం. బోక్లొవ్ వికారంగా ఉన్నాడని మార్కులు కోసినవాళ్లు తర్వాత తగ్గాల్సి వచ్చింది. ఇక్కడి అభ్యంతరం అందం గురించి కాదు, ఎముకల గురించి. అందుకే ఈ విషయంలో సమాఖ్య త్వరలో మెత్తబడే సూచనలు తక్కువ.